రాగ్నరాక్ ఫైట్లు బాగున్నా కథ ఎందుకు ఎక్కలేదు? కొంచెం పెద్ద సమాధానం

తమ్ముడూ, నువ్వు రాసింది కుదించి చెప్పుకుంటే ఇదీ సంగతి. 2018లో వచ్చిన గాడ్ ఆఫ్ వార్ వీడియో గేమ్ ఆడి పిచ్చెక్కిపోయావు. సికింద్రాబాద్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) సెకండ్ హ్యాండ్ డిస్క్ దొరికితే దాని రెండో భాగం రాగ్నరాక్ తెచ్చుకున్నావు. ఫైట్లు మస్తుగా ఉన్నాయి కానీ కథ సగం నుంచి సాగదీసినట్టు, చివర్లో బస్సు వెళ్ళిపోతోందన్నట్టు గబగబా చుట్టేసినట్టు అనిపించింది. ఫ్రెండ్సేమో "దానికి కథకే అవార్డు వచ్చింది, నీకు టేస్ట్ లేదు" అని ఆడుకుంటున్నారు. తప్పు నాదా, ఆటదా అని అడిగావు. పనిలో పనిగా గేమ్ రైటర్ కావాలంటే ఏం చేయాలని కూడా తగిలించావు.

నేను మాదాపూర్‌లో గేమ్ ఆర్ట్ ఔట్‌సోర్సింగ్ పనితో మొదలుపెట్టి, లెవెల్ డిజైన్ (ఆటలో చోట్లు కట్టడం) మీదుగా ఇప్పుడు క్వెస్ట్ డిజైన్‌లో (ఆడేవాడికి పనులు అల్లడం) ఉన్నాను. ఈ ఆటలు చేసిన స్టూడియోతో నాకే సంబంధమూ లేదు, ఆడినవాడిగా, ఇదే పని చేసి అన్నం తినేవాడిగా చెప్తున్నా. రెండు భాగాల కథా మొత్తం విప్పేస్తాను, ఇంకా ఆడనివాళ్ళు ఇక్కడి నుంచే వెనక్కి వెళ్ళిపోండి, తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

ముందు అవార్డు గొడవ తేల్చేద్దాం. నిజమే, 2022 గేమ్ అవార్డ్స్‌లో రాగ్నరాక్‌కి ఆరు అవార్డులొచ్చాయి, అందులో కథనానికి ఒకటి, హీరో క్రేటోస్‌గా చేసిన క్రిస్టఫర్ జడ్జ్ నటనకి ఒకటి. రివ్యూల స్కోర్లన్నీ కలిపి చూపే మెటాక్రిటిక్‌లో చూస్తే రెండు భాగాలకూ వందకి 94. అయితే ఏంటి? ఎవరైనా ఓ కథ బాగుందని ఓటేసేటప్పుడు గుర్తొచ్చేది నాలుగైదు సీన్లు. రాగ్నరాక్‌లో ఆ నాలుగైదు సీన్లూ అద్భుతం, నేను కూడా ఒప్పుకుంటా. నిన్ను విసిగించింది ఆ సీన్లకీ సీన్లకీ మధ్య ఉన్న గంటలు. పాతిక గంటల ఆటలో సీన్లు ఎంతసేపు ఉంటాయి చెప్పు, మిగతా టైమంతా కంట్రోలర్ నీ చేతిలోనే ఉంటుంది కదా. మీ ఫ్రెండ్స్ ఒక దాని గురించి మాట్లాడుతున్నారు, నువ్వు ఇంకోదాని గురించి మాట్లాడుతున్నావు. ఇద్దరూ కరెక్టే.

ఇక అసలు విషయం. నా లెక్క ఒక్కటే: గేమ్‌లో కథ పట్టు నిలవాలంటే హీరో మనసులో ఉన్న పనీ, ఆడేవాడి చేతిలో ఉన్న పనీ ఒకటే అయి ఉండాలి. 2018లో అవి దాదాపు మొత్తం ఆటంతా ఒకటే. రాగ్నరాక్‌లో విడిపోయాయి. ఎక్కడెక్కడ మళ్ళీ కలిశాయో అక్కడ నీకు ఒళ్ళు జలదరించి ఉంటుంది, ఎక్కడ కలవలేదో అక్కడ నువ్వు ఫోన్ చూసుకుని ఉంటావు. కావాలంటే గుర్తు చేసుకో.

2018 ఆటలో కథ ఏంటి? క్రేటోస్ భార్య ఫే చనిపోయింది, ఆమె బూడిదని అన్ని లోకాల్లోకీ ఎత్తయిన శిఖరం మీద నుంచి వదలాలి. అంతే. కొడుకుతో మాట్లాడటం రాని తండ్రి, తండ్రికి భయపడే కొడుకు, నడుముకి కట్టుకున్న ఒక చిన్న సంచి. దారిలో ఏం అడ్డొచ్చినా, డ్రాగన్ అయినా, మాంత్రికురాలైనా, మాట్లాడే తలకాయైనా, అన్నీ ఆ కొండెక్కడానికి అడ్డంకో, సాయమో. అందుకే నువ్వు ఏ మూల తిరుగుతున్నా "నేనెందుకు ఇక్కడున్నాను" అనే డౌట్ రాదు. కెమెరా కూడా మొదటి నుంచి చివరి దాకా కట్ అవ్వదు, కాబట్టి క్రేటోస్ భుజం వదిలి ఎక్కడికీ పోలేవు.

ఆ ఆటలో ఒక్క చోటు దగ్గరగా చూద్దాం, ఎందుకంటే నేను జూనియర్లకి ఎప్పుడూ ఇదే చూపిస్తాను. కొడుకు ఆట్రియస్ జబ్బు పడతాడు. మందు కోసం చచ్చినవాళ్ళ లోకం హెల్‌హైమ్‌కి వెళ్ళాలి. అది మంచు లోకం, అక్కడి చచ్చినవాళ్ళ మీద మంచు గొడ్డలి పనిచేయదని ఆ మాంత్రికురాలు ఫ్రేయా చెబుతుంది. ఇప్పుడు క్రేటోస్ ఇంటికెళ్ళి, ఏ పాత జీవితాన్ని నేల కింద పాతిపెట్టాడో దాన్నే తవ్వి తీయాలి, ఆ నిప్పు కత్తుల్ని. పడవ మీద ఒక్కడే వెళ్తుంటాడు, ఆకాశం ఎర్రబడుతుంది, ఎదురుగా పాత ఆటల్లోని గ్రీకు దేవత అథీనా కనిపించి నువ్వు ఎప్పటికీ రాక్షసుడివే అంటుంది. తెలుసు, కానీ ఇక నీ రాక్షసుణ్ణి కాను అంటాడు. అందరూ ఈ డైలాగ్ గురించి మాట్లాడతారు. నేను మాట్లాడేది ఆ తర్వాతి నిమిషం గురించి. ఇంటి బయట శత్రువులు మీద పడతారు, అలవాటు కొద్దీ కొడుకు బాణం కోసం స్క్వేర్ బటన్ మీదకి వేలు పోతుంది. బాణం రాదు, కొడుకు లేడు కదా. బదులుగా ఇంతసేపూ లేని గొలుసు కత్తులు చేతిలో ఉన్నాయి, పాత ఆటల్లో ఆడిన వాడికి ఆ వేళ్ళ కదలిక కూడా గుర్తుంటుంది. క్రేటోస్‌కి ఏం కోల్పోయానో, ఏం తిరిగి తెచ్చుకున్నానో తెలిసిన క్షణమే నీ బొటనవేలికీ తెలిసింది. రైటర్, ఫైట్లు కట్టే కాంబాట్ డిజైనర్ ఒకే టేబుల్ దగ్గర కూర్చోకపోతే ఇది పుట్టదు.

ఇప్పుడు రాగ్నరాక్‌కి రా. 2022 నవంబర్ 9న వచ్చింది, ఈసారి డైరెక్టర్ మొదటిది తీసిన కోరీ బార్లాగ్ కాదు, ఎరిక్ విలియమ్స్. ఇందులో క్రేటోస్‌కి కావాల్సింది ఏంటి? యుద్ధం వద్దు. కొడుకు ఇంట్లో ఉండాలి. జోస్యాలు మర్చిపోవాలి. మనిషిగా చూస్తే చాలా అందమైన కోరిక, అంత రక్తం చూసినవాడికి అదే రావాలి. కానీ హీరో కోరిక "ఏమీ జరగకూడదు" అయితే, డిస్క్ మీద యుద్ధం పేరు పెట్టుకున్న ఆటలో నీ చేయి ఏం చేయాలి? గంటకొకసారి వద్దు వద్దు అంటూనే వందల మందిని నరుకుతుంటాడు. క్రేటోస్ నోరు ఒకటి చెబుతుంటే నీ చేయి ఇంకోటి చేస్తోంది. సాగదీత అని నీకు అనిపించినదాంట్లో సగం ఇదే.

కథని నిజంగా ముందుకు తోసేది ఆట్రియస్. యుద్ధ దేవుడు టీర్‌ని వెతుకుదాం అనేది వాడే, ఇంట్లోంచి పారిపోయేది వాడే, దేవతల లోకం ఆస్గార్డ్‌కి వెళ్ళి వాళ్ళ రాజు ఓడిన్ దగ్గర చేరేది వాడే. కానీ ఎక్కువసేపు నీ చేతిలో ఉండేది తండ్రి. అంటే కథ నడిపేవాడు ఒకడు, నువ్వు నడిపేవాడు ఇంకొకడు. పోనీ వాడిని మన చేతికిచ్చినప్పుడైనా కథ పరిగెత్తిందా అంటే, ఐరన్‌వుడ్ అనే అడవి.

ఐరన్‌వుడ్ గురించి నిజాయితీగా మాట్లాడుకుందాం, ఎందుకంటే దీని మీద రెండు పార్టీలున్నాయి. ఆట్రియస్ అక్కడ ఆంగ్రబోడాని కలుస్తాడు, తనలాంటి ఇంకో జెయింట్ (మహాకాయుల జాతి) ఉందని తెలుసుకుంటాడు, తన పేరు చుట్టూ ఉన్న జోస్యం చూస్తాడు. కథాపరంగా ముఖ్యమైన చోటే. ఆర్ట్ చేసినవాడిగా చెప్తున్నా, ఆ చెట్లు, ఆ వెలుగు తయారు చేసిన టీమ్‌కి దండం పెట్టాలి. కానీ అంతసేపూ నీ చేత చేయించేది ఏంటి? జడల బర్రె లాంటి జంతువెక్కి మెల్లగా తిరగడం, పళ్ళు కోయడం, జంతువులకి తిండి పెట్టడం, ఆ పిల్ల చెప్పేది వినడం. పిల్లవాడు మొదటిసారి ఊపిరి పీల్చుకుంటున్నాడు కాబట్టి ఆట కూడా నెమ్మదించిందని కొందరు సమర్థిస్తారు. ఆ ఉద్దేశం నాకు అర్థమైంది. అయితే ఊపిరి పీల్చుకోవడం పది నిమిషాల్లో అయిపోతుంది, తర్వాత గంటకు పైగా నడిచేది సమాచారం. తను ఎవరో తెలుసుకోవడం అనే పని ఆట్రియస్ మనసుది, పళ్ళు కోయడం నీ చేతిది, రెంటికీ పొత్తు లేదు.

ఆ ముసుగు వ్యవహారం దీనికన్నా నయమేం కాదు. ఓడిన్‌కి ఆస్గార్డ్‌లో ఒక చీలికలోకి తొంగి చూడాలి, అందుకు ఒక ముసుగు కావాలి, దాని ముక్కలు వేరే వేరే లోకాల్లో ఉన్నాయి, ఆట్రియస్ వెళ్ళి పట్టుకురావాలి. మా భాషలో దీన్ని తెచ్చిపెట్టే క్వెస్ట్ అంటాం, ప్రతి ఆటలో ఉంటుంది, తప్పేం లేదు. కానీ కథ నడుముకే దాన్ని కడితే, చివరికి దానివల్ల ఏదో ఒకటి తేలాలి. ఏం తేలింది? ఆట్రియస్ ముసుగు విరగ్గొట్టేస్తాడు. ఆ చీలికలో ఏముందో మనకి చూపించరు. తెలుసుకోవాలనే పిచ్చి ఓడిన్‌ది, వదిలేయగలగడం ఆట్రియస్ ఎదుగుదల, అది థీమ్, ఒప్పుకున్నా. అయినా అన్ని గంటలు తిప్పి తెప్పించిన వస్తువు రెండు సెకన్లలో పోతే ఆడినవాడికి కడుపు మండుతుంది.

ఓడిన్ పాత్ర మాత్రం నాకు పిచ్చిగా నచ్చింది, ఇది పక్కదారి అయినా చెప్పకుండా ఉండలేను. రిచర్డ్ షిఫ్ గొంతు. కండలు, కిరీటం ఏమీ లేవు, హైటెక్ సిటీలో అప్రైజల్ టైమ్‌లో తలుపేసి "నీ గురించే ఆలోచిస్తున్నా" అనే మేనేజర్ లాగే ఉంటాడు. అరవడు, బతిమాలుతున్నట్టే మాట్లాడతాడు, బయటికొచ్చాక గానీ మనం దేనికి ఒప్పుకున్నామో తెలియదు. మొదట్లోనే కొడుకు థోర్‌ని వెంటేసుకుని ఇంటికొచ్చి కూర్చునే సీన్ ఉందే, బల్ల మీద కల్లు కప్పు, ఎవరూ గొంతు పెంచరు, అయినా చెమట పడుతుంది.

దాని వెనకే వచ్చే థోర్ ఫైట్‌లో చేయీ మనసూ మళ్ళీ కలుస్తాయి. దెబ్బ తగిలి క్రేటోస్ పడిపోతాడు, చచ్చిపోయినప్పుడు వచ్చే స్క్రీన్ వస్తుంది, నువ్వు ఓడిపోయాననుకుని మళ్ళీ మొదలుపెట్టడానికి రెడీ అవుతావు. అప్పుడు థోర్ మెరుపుతో కొట్టి లేపుతాడు, ఎప్పుడు అయిపోవాలో నేను చెబుతా అంటాడు. ఆటలో చావు అనేది ఇన్నేళ్ళుగా ఆడేవాడికీ సిస్టమ్‌కీ మధ్య ఉన్న ఒప్పందం, దాన్ని విలన్ చేతికిచ్చేశారు. థోర్ ఎంత బలవంతుడో చెప్పడానికి ఒక్క డైలాగ్ ఖర్చు పెట్టలేదు.

ఓడిన్ మనిషి హైమ్డాల్ దగ్గర కూడా అంతే. వాడు ఎదుటివాడి ఉద్దేశం ముందే చదివేస్తాడు, గొడ్డలి విసిరినా కత్తి తిప్పినా నవ్వుతూ తప్పుకుంటాడు, నీకు ఒళ్ళు మండుతుంది. అందుకోసం ఆయుధాలు చేసే మరుగుజ్జు బ్రాక్‌తో వెళ్ళి ఒకటి పది అయ్యే ఈటె చేయించుకుంటావు, చదవడానికి వీల్లేనన్ని దెబ్బలు నేలంతా నాటుతావు. చివర్లో క్రేటోస్ వద్దనుకుంటూనే పాత మనిషి అయిపోయి వాడిని గొంతు నులిమి చంపుతాడు. చాలాసేపటి నుంచి వాడిని కొట్టాలని కసిగా ఉన్నది నువ్వు కూడా. ఆ చావు ఇద్దరూ కలిసి చేసిన పని. వద్దంటూ నరికే క్రేటోస్ గురించి పైన చెప్పానే, ఆ తేడా ఆట మొత్తంలో ఇక్కడొక్కచోట కథకి పనికొచ్చింది.

ఇక బ్రాక్. టీర్ అని మనం విడిపించి ఇంట్లో పెట్టుకున్నవాడు ఓడిన్ అని బయటపడటం, బ్రాక్‌ని పొడవటం, ఆ తర్వాత బ్రాక్ తోబుట్టువు సిండ్రి ఆట్రియస్ మీద విరుచుకుపడటం. నువ్వు కూడా ఇది బాగుందనే రాశావు. ఎందుకు పనిచేసిందో గమనించావా? బ్రాక్, సిండ్రి కథలో ఎంత ఉన్నారో నీ చేతిలో అంతకన్నా ఎక్కువ ఉన్నారు. మొదటి ఆట నుంచి ఆయుధం పదును పెట్టాలన్నా, కవచం కొనాలన్నా వాళ్ళ దుకాణానికే వెళ్ళావు, ప్రతిసారీ ఒకడు బూతులు, ఇంకొకడు శుభ్రం పిచ్చి. బ్రాక్ పోయాక దుకాణం ఉంటుంది, ఆ అన్నదమ్ములు ఉండరు. కొత్త కవచం కోసం మెనూ తెరిచిన ప్రతిసారీ ఆ లోటు తగులుతుంది. చివరి టైటిల్స్ తర్వాత అంత్యక్రియల్లో, తీసేకొద్దీ పెరిగేది ఏంటి అన్న బ్రాక్ పొడుపుకథకి ఆ మాట్లాడే తలకాయ మిమిర్ జవాబు చెబుతాడు, గొయ్యి అని. నా మటుకు ఆటకి అదే క్లైమాక్స్. ఆస్గార్డ్ యుద్ధం కాదు.

ఆ యుద్ధం గురించి నువ్వు ఎక్కువ బాధపడ్డావు. ఆట పేరే రాగ్నరాక్, అంటే దేవతల అంతిమ యుద్ధం, తొమ్మిది లోకాలు కలిసి ఆస్గార్డ్ మీద పడాలి, మనం చూసింది ఒక గోడ, దాని ముందు ఒక మైదానం, నేపథ్యంలో అరుపులు, ఒక సాయంత్రంలో ముగిసిపోయింది. దీనికి బయటికి తెలిసిన కారణం ఒకటుంది. నార్స్ (ఉత్తర ఐరోపా పురాణాల) కథని మూడు భాగాలుగా కాకుండా రెండింటిలోనే ముగించాలని వాళ్ళే నిర్ణయించుకున్నారు. బార్లాగ్ చెప్పిన లెక్క సూటిగా ఉంటుంది: ఒక్కో ఆటకి ఐదేళ్ళు పడుతోంది, మూడు చేస్తే ఒకే కథ మీద దాదాపు పదిహేనేళ్ళు, అది మరీ సాగదీత. నాకు ఆ మాటతో పేచీ లేదు, పదిహేనేళ్ళు అంటే అందులో పనిచేసేవాళ్ళ సగం ఉద్యోగ జీవితం. ఇక్కడ మన సినిమావాళ్ళు ఒక భాగానికి సరిపోయే కథని రెండు చేస్తే సెకండాఫ్ ల్యాగ్ వస్తుంది, అక్కడ రెండు భాగాల సరుకు ఒక దాంట్లో పెట్టారు, అయినా ల్యాగ్ వచ్చింది. విచిత్రమేంటంటే కుదింపు అంతా చివర్లోనే జరిగింది, ముందు భాగం తీరిగ్గానే నడిచింది. ఐరన్‌వుడ్‌కి ఇచ్చిన టైమ్ ఆ యుద్ధంలోని నిప్పు రాక్షసుడు సుర్తుర్‌కి ఇవ్వలేదు.

ఎందుకలా? ఇక్కడ బయటివాళ్ళకి కనపడనిది ఒకటి ఉంది, ఇది ఒక్క రాగ్నరాక్ గురించి కాదు, పెద్ద ఆటలు ఎలా తయారవుతాయో చెప్తున్నా. సినిమాకి స్క్రిప్ట్ లాక్ చేసి షూటింగ్‌కి వెళ్ళాలని కనీసం అనుకుంటారు. ఆటలో ఆ వరుస ఉండదు. రైటర్లు ఇంకా వాదించుకుంటూ ఉండగానే లెవెల్ డిజైనర్లు బూడిదరంగు డబ్బాలతో చోట్లు కడుతుంటారు, గ్రేబాక్స్ అంటాం. ఇక్కడ హైదరాబాద్‌లో మా దగ్గరికి ఔట్‌సోర్సింగ్ పని ఎలా వస్తుందో చూడు: ఒక షీట్ వస్తుంది, చెక్క తలుపు, రెండు రకాలు, ఒకటి బాగున్నది, ఒకటి లోపలి నుంచి విరిగినది, ఇన్ని పాలిగాన్లు (3డి బొమ్మని కట్టే చిన్న ముక్కలు), ఫలానా తేదీకి కావాలి. ఎవరు విరగ్గొట్టారు, ఎందుకు అని అడిగితే అవతలివాళ్ళు నవ్వుతారు, ఒక్కోసారి వాళ్ళకే తెలియదు. నెలలు గడుస్తాయి, కథ మారిపోతుంది, ఆ తలుపు విరగ్గొట్టాల్సిన పాత్రే ఎగిరిపోతుంది. తలుపు మాత్రం అక్కడే ఉంటుంది, ఎందుకంటే దాని చుట్టూ ఫైట్ కట్టేశారు, లైటింగ్ అయిపోయింది, డబ్బు ఖర్చయిపోయింది.

అప్పుడు ఏం చేస్తారు? డైలాగ్ పెడతారు. ఆటలో అన్నింటికన్నా చౌకైన రిపేరు వాయిస్ లైన్. లెవెల్ మార్చాలంటే నెలలు, కట్‌సీన్ (ఆట ఆగి సినిమాలా నడిచే సీన్) మళ్ళీ చేయాలంటే నటుల్ని పిలవాలి, వాళ్ళ కదలికలు పట్టే మోషన్ క్యాప్చర్ బుక్ చేయాలి. నడుస్తూ ఉండగా పక్క పాత్ర చేత "ఇక్కడ ఏదో జరిగినట్టుంది" అనిపించాలంటే ఒక రోజు రికార్డింగ్ చాలు. అలా ప్రతి అతుకు దగ్గరా ఒక మాట పడుతుంది. దానికి తోడు టెస్టింగ్‌లో ఎవరైనా పజిల్ దగ్గర కాసేపు ఆగితే అక్కడ ఇంకో మాట పడుతుంది. రాగ్నరాక్‌లో నువ్వు పజిల్ పూర్తిగా చూడకముందే పక్కనున్నవాళ్ళు జవాబు చెప్పేస్తారని అందరూ మొత్తుకున్నది ఇందుకే. సీక్వెల్‌కి ఇంకో బరువు కూడా ఉంది: మొదటిది ఆడనివాడికి కథ ఎక్కించాలి, ఆడినవాడికి గుర్తు చేయాలి. ఈ మాటలన్నీ కలిపి వింటే, పాత్రలు తమకి తెలిసిందే ఒకరికొకరు చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. రైటర్‌కి రాయడం రాదని అనుకుంటాం. చాలాసార్లు రైటర్ చేస్తున్నది రాత కాదు, మరమ్మతు.

మనుషుల సంగతి కూడా మర్చిపోవద్దు. ఈ ఆట మొదట 2021కి అన్నారు, 2022కి వెళ్ళింది. ఆలస్యానికి కారణం తనేనని క్రిస్టఫర్ జడ్జ్ స్వయంగా ట్విట్టర్‌లో రాశాడు. 2019లో ఆయన నడవలేని స్థితికి వచ్చాడు, సర్జరీలు అయ్యాయి, ఆయన కోలుకునేదాకా స్టూడియో ఆగింది. వేరేవాణ్ణి పెట్టుకోకుండా ఆగినందుకు ఆ స్టూడియో మీద నాకు గౌరవం. ఆ మధ్యలో ఆట్రియస్‌గా చేసిన కుర్రాడు పెరిగి పెద్దవాడై గొంతు కూడా మారిపోయింది. కథకి అదే కలిసొచ్చింది అనుకో.

ఇంకో మాట. నిరాశ వేరు, కోపం వేరు, ఈ రెంటినీ జనం కలిపేస్తారు. ది లాస్ట్ ఆఫ్ అస్ అనే ఇంకో ఆట రెండో భాగం 2020 జూన్‌లో వచ్చినప్పుడు ఎంత గొడవైందో నీకు తెలిసే ఉంటుంది. మొదటి భాగం హీరో జోయెల్‌ని మొదట్లోనే చంపేశారు, సగం ఆట అతన్ని చంపిన అమ్మాయి ఆబీగా మన చేత ఆడించారు. పైగా ట్రైలర్‌లో జోయెల్ ఉన్నట్టు చూపించిన సీన్‌లో అసలు ఆటలో జెస్సీ అనే ఇంకో పాత్ర ఉంటాడు. దాని మీద కోపం వచ్చినవాళ్ళని నేను తప్పుపట్టను, ట్రైలర్ విషయంలో అయితే అస్సలు పట్టను. కానీ అది కథ పలచబడటం కాదు. ఆసుపత్రి నేలమాళిగలో ఆబీ స్నేహితురాలు నోరాని కొట్టడానికి ఆట నీ చేతే బటన్ నొక్కిస్తుంది, నొక్కకపోతే కథ కదలదు. హీరోయిన్ ఎల్లీ చేస్తున్నది నీకు అసహ్యంగా ఉంటే ఆట అనుకున్నది జరిగినట్టే. నచ్చకపోవచ్చు, విసిరికొట్టొచ్చు, కానీ అక్కడ చేయీ మనసూ విడిపోలేదు. నీకు రాగ్నరాక్ మీద ఉన్నది ఆ రకం కోపం కాదు, ఏం చెప్పాలో తెలియని చప్పదనం.

మాస్ ఎఫెక్ట్ 3 అనే ఆట కథ వేరు, రెండు ముక్కల్లో చెప్పేస్తా. మూడు ఆటలపాటు నీ నిర్ణయాలే కథ అన్నారు, 2012 మార్చిలో వచ్చిన ముగింపులో ఆ నిర్ణయాలన్నీ దాదాపు ఒకే వీడియోకి రంగులు మార్చినట్టు తేలాయి. జనం ఎంత గోల చేశారంటే జూన్‌లో ముగింపుని పొడిగించి ఎక్స్‌టెండెడ్ కట్ అని ఉచితంగా ఇచ్చారు. వివరణ పెరిగింది, అసలు లోటు తీరలేదు. అక్కడ తగ్గింది మాటలు కాదు, నీ చేతికున్న విలువ.

రాగ్నరాక్‌లో కూడా దీనికి చుట్టం లాంటి తేడా ఒకటుంది. విధి దేవతలైన నార్న్‌ల దగ్గరికి వెళ్ళినప్పుడు వాళ్ళు విధి అనేదే లేదు, మీరు మారరు కాబట్టి మీరేం చేస్తారో ముందే తెలిసిపోతుంది అంతే అంటారు. గొప్ప సీన్, రాతలో ఆటకంతటికీ బలమైన ఐడియా. మరి అలా అన్న తర్వాత ఆట నీకు ఒక్కసారైనా మారే అవకాశం ఇవ్వాలిగా? ఇవ్వదు. క్రేటోస్ మారతాడు, నువ్వు చూస్తూ ఉంటావు. చివర్లో తనని జనం కొలుస్తున్న బొమ్మ చూసి ఆయన కళ్ళు చెమర్చుతాయి, అప్పుడు కూడా నువ్వు చూస్తూనే ఉంటావు.

డిస్క్ అమ్మేయాలా అని అడిగావు. అమ్మేముందు వల్హల్లా ఆడు. 2023 డిసెంబర్ 12న పైసా తీసుకోకుండా ఇచ్చిన డీఎల్‌సీ, అంటే రాగ్నరాక్‌కి తర్వాత కలిపిన అదనపు భాగం. చచ్చిన ప్రతిసారీ మళ్ళీ మొదటికి రావాల్సిన రోగ్‌లైట్ పద్ధతి, పైకి చూస్తే ఫైట్లు తప్ప ఏమీ లేనట్టుంటుంది. కానీ వల్హల్లా అంటేనే క్రేటోస్ తన గతాన్ని ఎదుర్కోవాల్సిన చోటు, ఓడిపోతే ఒడ్డుకి విసిరేస్తుంది, మళ్ళీ తలుపు తోసుకుని వెళ్ళాలి. నీ చేత మళ్ళీ మళ్ళీ చేయిస్తున్నదీ, ఆయన మనసు మళ్ళీ మళ్ళీ చేస్తున్నదీ ఒకటే. పాత గ్రీస్ చోట్లు వస్తాయి, పాత ఆటలో ఎప్పుడో తెంపిన గ్రీకు సూర్యదేవుడు హేలియోస్ తల వచ్చి ఎగతాళి చేస్తుంది, మిమిర్‌తో మాట్లాడుతూ మాట్లాడుతూ క్రేటోస్ ఇన్నాళ్ళూ నోరు విప్పనివి చెబుతాడు. కొత్త లోకాలు కట్టలేదు, ముసుగులు లేవు, అయినా నాకు అసలు ఆటకన్నా ఇదే బాగా రాసినట్టు అనిపిస్తుంది. అదే స్టూడియో, అదే గొడ్డలి. కాబట్టి వాళ్ళకి రాయడం రాదని మాత్రం అనకు.

ఇకమీదట సీక్వెల్ కొనాలా అంటే, ఐదు వేలు పెట్టి మొదటి రోజే కొనకు. రాగ్నరాక్ పీఎస్5 డిస్క్ వచ్చినప్పుడు 4,999 రూపాయలు. రివ్యూలో స్కోరు వదిలేసి, ఆడినవాళ్ళు మధ్య గంటల గురించి ఏం రాశారో చదువు. "సీన్లు అదిరాయి" అని మాత్రమే రాస్తే సీటీసీకి వచ్చేదాకా ఆగు, అక్కడికి ఎలాగూ వస్తుంది.

గేమ్ రైటింగ్ సంగతి. అమీర్‌పేటలో గేమ్ ఇంజన్ అన్‌రియల్ నేర్పుతారు, 3డి సాఫ్ట్‌వేర్ మాయా నేర్పుతారు, రైటింగ్ నేర్పే బోర్డు నాకైతే కనపడలేదు. కంగారు పడకు, ఎంపికలతో నడిచే కథలు కట్టే ట్వైన్ అనే టూల్ ఉచితం, అలాంటిదే ఇంక్ కూడా ఉచితం, రెండూ వారంలో చేతికొస్తాయి. ముందు కథలు రాయకు. నువ్వు ఆడిన ఏదైనా ఆట తీసుకుని, ఒక గంట ఆడుతూ పక్కన కాగితం మీద రెండు గళ్ళు గీసుకో, ఒక గడిలో పాత్రకి ఇప్పుడు ఏం కావాలి, రెండో గడిలో నా వేళ్ళు ఏం చేస్తున్నాయి. ఐదు నిమిషాలకోసారి నింపు. ఎక్కడ రెండు గళ్ళూ కలవలేదో అక్కడ ఒక సీన్ నువ్వే మళ్ళీ డిజైన్ చెయ్యి, ఒక్క డైలాగ్ లేకుండా. ఐరన్‌వుడ్‌తోనే మొదలుపెట్టు, విసుగు ఇంకా తాజాగా ఉంది కదా. ఒక పేజీ దాటకూడదు. ఇక్కడే పెట్టు, చదివి చెప్తా, అందులో ఎవరైనా నోరు విప్పి కథ చెప్పడం మొదలుపెడితే మాత్రం అక్కడితో ఆపేస్తా.